ప్రేక్షకులు లేని సభ

తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఎందుకు నిలదొక్కుకోలేదన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మనం ముందు రచయితలను, ఆ తర్వాత ప్రచురణకర్తలను తప్పుపడతాం. రాసేవాళ్ళు లేరనీ, రాసినా వేసేవాళ్ళు లేరనీ, వేసినా కొనేవాళ్ళు లేరనీ వరుసగా చెప్పుకుని అక్కడితో ఆగిపోతాం. అమెరికాలో ఉంటూ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పాఠకులు తమంతట తాము జరుపుకునే కన్వెన్షన్లకు వెళ్ళడం మొదలుపెట్టాక, ముఖ్యంగా ఏటా ఫిబ్రవరిలో బోస్టన్‌లో జరిగే బోస్కోన్‌లో ఒక వారాంతమంతా గడిపాక, ఈ లెక్కలో మనం ఎన్నడూ పట్టించుకోని పాత్ర ఒకటి ఉందని నాకు గట్టిగా అనిపించింది. ఒకరినొకరు వెతికి పట్టుకుని, ఒకచోట కూర్చుని వాదించుకుని, తమకు ఇష్టమైన సాహిత్యపు బాగోగులను తామే చూసుకునే పాఠకుల పాత్ర అది. ఆంగ్లంలో ఈ సాహిత్యం వందేళ్ళుగా సజీవంగా ఉండడానికి రచయితల ప్రతిభ ఎంత కారణమో, ఆ పాఠకులు కట్టుకున్న వ్యవస్థ కూడా అంతే కారణమని నా వాదన. మన దగ్గర లేనిది ఆ వ్యవస్థే.

బోస్కోన్‌ను నడిపేది న్యూ ఇంగ్లండ్ సైన్స్ ఫిక్షన్ అసోసియేషన్. అందరూ దాన్ని నెస్ఫా అంటారు. 1967లో ఏర్పడిన ఈ సంఘానికి బోస్టన్‌ను ఆనుకుని ఉన్న సోమర్విల్‌లో సొంత భవనమూ, అందులో పుస్తకాలతో పాత పత్రికలతో నిండిన గ్రంథాలయమూ ఉన్నాయి. బోస్కోన్ అన్న పేరుతో సభలు 1941లోనే మొదలై, కొన్నేళ్ళు నడిచి ఆగిపోయి, 1960లలో మళ్ళీ ప్రాణం పోసుకున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం మొదలై ఆదివారం మధ్యాహ్నానికి ముగిసే ఈ సభలో జీతానికి పనిచేసేవారు ఎవరూ ఉండరు. తలుపు దగ్గర బ్యాడ్జీలు ఇచ్చే ఆమె పగటిపూట అకౌంటెంటు కావచ్చు. చిత్రకళా ప్రదర్శనకు చెక్క పలకలు బిగిస్తున్న పెద్దాయన రిటైరైన ఇంజనీరు కావచ్చు. కాన్ స్వీట్ (con suite) అని పిలిచే గదిలో వచ్చినవాళ్ళందరికీ కాఫీ, పళ్ళు, చిరుతిళ్ళు సర్దుతున్న యువకుడు కాలేజీ విద్యార్థి కావచ్చు. అందరూ రుసుము కట్టి వచ్చినవాళ్ళే, వచ్చాక పనిలో దిగినవాళ్ళే.

ఇక్కడ రుసుము కట్టినవారిని టికెట్టు కొన్నవారని అనరు, సభ్యులు అంటారు. పైకి మాట తేడాలా కనిపించే ఈ విషయం నడవడిలో చాలా పెద్ద తేడా తెస్తుంది. ఏటా ఒక్కో నగరంలో జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌లో, అంటే వరల్డ్‌కాన్‌లో, ఈ సూత్రం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సభకు శాశ్వత కార్యాలయం గానీ ఉద్యోగులు గానీ లేరు. రాబోయే సభ ఏ నగరంలో జరగాలో రెండేళ్ళ ముందే సభ్యులు ఓటు వేసి నిర్ణయిస్తారు. ఆ నగరపు బృందం ఆ ఒక్క సభను నడిపి తప్పుకుంటుంది. 1953లో మొదలైన హ్యూగో పురస్కారాలకు పుస్తకాలను ప్రతిపాదించేదీ, వాటిలో ఉత్తమమైనదాన్ని ఎన్నుకునేదీ ఆ సభ్యులే. వేదిక మీద మాట్లాడే రచయితల్లో కూడా గౌరవ అతిథులను మినహాయిస్తే చాలామంది తమ సభ్యత్వాన్ని తామే కొనుక్కుని వస్తారు. రుసుము కట్టిన ప్రతి ఒక్కరూ సభకు యజమానులే అయినప్పుడు, ఏర్పాట్లలో లోపం ఉందని ఫిర్యాదు చేసే మనిషికి వెంటనే ఎదురయ్యే ప్రశ్న "వచ్చే ఏడు ఆ పని మీరు చూస్తారా?" అన్నదే. చాలామంది సరేనంటారు. ఈ సభలను నడుపుతున్నవారిలో ఎందరో అలా చేరినవారే.

మన సాహిత్య సభలతో దీన్ని పోల్చకుండా ఉండడం నాకు సాధ్యం కాదు. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛం, శాలువా, అధ్యక్షుల వారి తొలిపలుకులు, ముఖ్య అతిథి సందేశం, ఆత్మీయ అతిథి స్పందన, ఇవన్నీ గౌరవాన్ని చూపే పద్ధతులు. వాటి పట్ల నాకు చిన్నచూపు లేదు. అయితే ఆ పద్ధతిలో మాట ఎప్పుడూ వేదిక నుంచి కిందికే ప్రవహిస్తుంది. కింద కూర్చున్న పాఠకుడు ఆ పుస్తకాన్ని పదిసార్లు చదివి ఉండవచ్చు, రచయిత మరిచిపోయిన వాక్యం అతనికి కంఠస్థం అయి ఉండవచ్చు, కానీ ఆ సాయంత్రం అతని పని వినడం, చప్పట్లు కొట్టడం, బయటికి వెళ్ళేటప్పుడు పుస్తకం మీద సంతకం పెట్టించుకోవడం. బోస్కోన్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించినది ఈ ప్రవాహం రెండు వైపులా సాగడమే.

అక్కడి కార్యక్రమంలో ప్రధానమైనవి ప్యానెళ్ళు. ఒక గదిలో ముప్పై, నలభై కుర్చీలు, ఎదురుగా బల్ల, బల్ల వెనుక నలుగురైదుగురు, వారిలో ఒకరు మోడరేటర్. గంటలోపు చర్చలో చివరి పావుగంట సభ్యుల ప్రశ్నలది. ఇలాంటి గదులు అరడజను పక్కపక్కనే ఒకేసారి నడుస్తుంటాయి. శనివారం నేను ఎక్కువసేపు గుర్తుంచుకున్నది తరతరాల పాటు సాగే అంతరిక్ష ప్రయాణాల మీద జరిగిన చర్చ. కాంతివేగాన్ని అందుకోలేని ఓడలో వందల ఏళ్ళు ప్రయాణించే జనం ఏం తింటారు, ఏ గాలి పీలుస్తారు, తాము ఎంచుకోని ప్రయాణంలో పుట్టిన పిల్లలకు తల్లిదండ్రులు ఏం జవాబు చెబుతారు అన్న ప్రశ్నల చుట్టూ రచయితలు చక్కగా మాట్లాడారు. ప్రశ్నల సమయంలో వెనుక వరుసలో ఒకామె లేచి అరిజోనాలోని బయోస్ఫియర్ 2 అనుభవాన్ని గుర్తుచేసింది. 1991లో 8 మంది రెండేళ్ళ పాటు మూసివున్న ఆ గాజు కట్టడంలో బతకడానికి లోపలికి వెళ్ళారు. లోపల గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం నుంచి క్రమంగా పడిపోయి 14 శాతం దగ్గరికి చేరింది. సారవంతంగా ఉండాలని వేసిన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను మొక్కలు ఇవ్వగలిగినదాని కంటే వేగంగా వాడుకున్నాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ తిరిగి మొక్కలకు చేరాల్సింది పోయి చాలా భాగం కట్టడంలోని కాంక్రీటులో కలిసిపోయింది. చివరికి బయటి నుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది. "మీ ఓడల్లో గోడలు దేనితో కట్టారు?" అని ఆమె అడిగింది. బల్ల వెనుక ఉన్న రచయితల్లో ఒకరు కాగితం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పది నిమిషాలూ సభ ఆమెదే అయింది, దానికి ఎవరూ నొచ్చుకోలేదు.

ఇటువంటి ప్రశ్నలు గది దాటి పుస్తకాల్లోకి వెళ్ళడానికి బోస్టన్‌లోనే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. లారీ నివెన్ రాసిన "రింగ్‌వరల్డ్" నవల 1970లో వచ్చింది. ఒక నక్షత్రం చుట్టూ అమర్చిన బ్రహ్మాండమైన వలయం, దాని లోపలి ముఖం మీద లక్షలకొద్దీ భూములంత నేల, అదీ ఆ కల్పన. 1971లో బోస్టన్‌లో జరిగిన వరల్డ్‌కాన్‌లో ఆ నవలకు హ్యూగో వచ్చింది. అదే సభలో ఎంఐటీ విద్యార్థులు హోటల్ వసారాల్లో తిరుగుతూ "రింగ్‌వరల్డ్ అస్థిరం" అని నినాదాలు చేశారు. వారు చెప్పింది నిజం. గ్రహం నక్షత్రం చుట్టూ కక్ష్యలో తిరుగుతుంది కాబట్టి నిలుస్తుంది. గట్టి వలయానికి అటువంటి కక్ష్య లేదు. అది కేంద్రం నుంచి కొంచెం పక్కకు జరిగితే నక్షత్రానికి దగ్గరైన వైపు లాగుడు పెరిగి మరింత జరుగుతూ పోతుంది, చివరికి నక్షత్రాన్ని ఢీకొంటుంది. నివెన్ ఆ విమర్శను పట్టించుకుని దాదాపు దశాబ్దం తర్వాత రెండో నవల రాశాడు. వలయాన్ని నిలకడగా పట్టి ఉంచే యంత్రాలు ఆ నవలలో కథకే కేంద్రమయ్యాయి. పురస్కారం ఇచ్చిన పాఠకులూ, పుస్తకంలోని లోపం ఎత్తి చూపిన పాఠకులూ ఒకే చూరు కింద ఉండడం, ఆ రెండూ ప్రేమతోనే చేయడం ఒక సాహిత్యానికి దక్కగల గొప్ప అదృష్టమని నేను భావిస్తాను. మన రచయితల్లో ఎంతమందికి ఇంత శ్రద్ధగా చదివి, ఇంత శ్రద్ధగా తప్పు పట్టే పాఠకులు దొరికారు? దొరికివుంటే వారి రెండో పుస్తకం, మూడో పుస్తకం ఎలా ఉండేవి?

ప్యానెళ్ళ తర్వాత సభకు ఆయువుపట్టు కాఫీక్లాచ్ అనే చిన్న కూడిక. రచయిత చుట్టూ పదిమంది లోపు పాఠకులు గుండ్రటి బల్ల దగ్గర కూర్చుని గంటసేపు ఏది కావాలంటే అది మాట్లాడుకుంటారు. పేరు ముందుగా రాసుకోవాలి, అంతే. రాత్రి పొద్దుపోయాక ఫిల్క్ పాటల గది తెరుచుకుంటుంది. పాఠకులు తమకు నచ్చిన కథల మీద, గ్రహాల మీద, రాకెట్ల మీద తామే పాటలు కట్టుకుని గిటారు మీద పాడుకుంటారు. ఆ గది నాకు అంత పట్టుబడలేదు. డీలర్స్ రూమ్ అనే పుస్తకాల, బొమ్మల దుకాణాల హాలు మాత్రం నన్ను శనివారం సాయంత్రమంతా పట్టి ఉంచింది.

ఆ హాలులో నెస్ఫా వారి సొంత ప్రచురణల బల్ల ఉంది. ఈ పాఠకుల సంఘం చాలా ఏళ్ళుగా ప్రచురణ సంస్థ కూడా నడుపుతోంది. వాణిజ్య ప్రచురణకర్తలు వదిలేసిన రచయితలను వెతికి, వారి కథలన్నిటినీ పాత పత్రికల నుంచి పోగుచేసి, పాఠం సరిచూసి, గట్టి అట్టతో నిలిచే పుస్తకాలుగా వేయడం వారి పని. కార్డ్‌వైనర్ స్మిత్ కథలన్నీ 1993లో, జెన్నా హెండర్సన్ రాసిన "పీపుల్" కథలన్నీ 1995లో, సిరిల్ కార్న్‌బ్లూత్ కథలు 1997లో అలా వచ్చాయి. చిన్న వయసులోనే చనిపోయిన కార్న్‌బ్లూత్ కథలను నాలుగు దశాబ్దాల తర్వాత ఒకచోటికి చేర్చింది విశ్వవిద్యాలయమో ప్రభుత్వ అకాడమీయో కాదు, వారాంతాల్లో సమయం చిక్కించుకుని ప్రూఫులు దిద్దిన పాఠకులు. ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకున్నప్పుడు కొనడం కన్నా ముందు ఆ పని చేసినవారికి నమస్కారం పెట్టాలనిపించింది.

బల్ల దగ్గర ఉన్న సభ్యురాలు నేను భారతీయుణ్ణని గమనించి, మా భాషలో ఈ రకం కథలు ఉన్నాయా, అనువాదంలో చదవగలిగేది ఏదైనా ఉందా అని అడిగింది. చందమామ గురించి, అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ధారావాహికల గురించి చెప్పాను. 1950లలో "తోకచుక్క"తో మొదలుపెట్టి "మకరదేవత", "జ్వాలాద్వీపం", "పాతాళదుర్గం", "శిథిలాలయం", "యక్షపర్వతం" వరకు ఆయన సృష్టించిన మాంత్రికులు, రాక్షసులు, కొండజాతుల లోకం ఎన్ని తరాల తెలుగు పిల్లలకు సొంత ఊరిలా తెలుసో, చిత్రా, శంకర్ బొమ్మలు ఆ లోకానికి ఎలా రూపం ఇచ్చాయో చెప్పాను. ఆ ధారావాహికల మీద ఆయన పేరు వేసేవారు కాదనీ, లక్షలమంది చదివినా ఆయన ఎవరో చాలామందికి ఏళ్ళ తరబడి తెలియదనీ చెప్పినప్పుడు ఆమె ముఖంలో కనిపించినది బాధే. "మరి ఎలా తెలిసింది?" అని అడిగింది. పాఠకులే పట్టుబట్టి తెలుసుకున్నారు, పాత సంచికలు భద్రపరిచినవారు ఒకరికొకరు అందించుకున్నారు, ఆయన మీద అభిమానం ఉన్నవారే పూనుకుని ఆ నవలలను పుస్తకాలుగా తెచ్చారు అన్నాను. "అయితే మీకూ నెస్ఫా ఉన్నట్టే కదా" అంది ఆమె.

ఆ మాట నిజమూ కాదు, అబద్ధమూ కాదు. అక్కడా ఇక్కడా పాఠకులు చేసిన పని ఒక్కటే. అయితే అక్కడ ఆ పనికి ఒక సంఘం, ఒక చిరునామా, ఏటా కలుసుకునే రోజు, తర్వాతి తరానికి పని అప్పగించే అలవాటు ఉన్నాయి. ఇక్కడ అది కొద్దిమంది వ్యక్తుల ఓపిక మీద, సొంత డబ్బు మీద నడిచింది. వారు అలసిపోతే ఆగిపోతుంది. మన వారపత్రికల్లో దశాబ్దాల పాటు వచ్చిన వైజ్ఞానిక కల్పన కథలు, జానపద నవలలు ఎన్నో ఈరోజు పేర్లుగా కూడా ఎక్కడా నమోదు కాలేదు. అవి చదివి గుర్తుపెట్టుకున్న పాఠకులు మన మధ్య ఉన్నారు, ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

కన్వెన్షన్లను పొగడడానికే ఈ వ్యాసం రాస్తే అది సగం నిజమే అవుతుంది. పాఠకులు నడిపే వ్యవస్థ అంటే పాఠకుల్లో ఉండే సంకుచితత్వం, పంతం, పక్షపాతం కూడా దానిలోకి వస్తాయి. 1939 జులైలో న్యూయార్క్‌లో జరిగిన మొట్టమొదటి వరల్డ్‌కాన్‌కు వచ్చింది సుమారు 200 మందే. ఆ కొద్దిమందిలోనే ఒక ముఠా మరో ముఠాను తలుపు దగ్గర ఆపేసింది. రాజకీయ అభిప్రాయాల వల్లా పాత తగాదాల వల్లా బయట నిలబడినవారిలో తర్వాత రచయితలుగా, సంపాదకులుగా పేరు పొందిన ఫ్రెడరిక్ పోల్, డోనాల్డ్ వోల్‌హైమ్, కార్న్‌బ్లూత్ ఉన్నారు. సంస్థకు జ్ఞాపకం ఉండడం వల్ల కలిగే మేలు చూడండి: అదే వరల్డ్‌కాన్ 1972లో పోల్‌ను, 1988లో వోల్‌హైమ్‌ను గౌరవ అతిథులుగా పిలిచింది.

అన్ని గాయాలూ అంత తేలికగా మానలేదు. మనలో చాలామంది ఇష్టంగా చదివిన ఐజాక్ అసిమోవ్ ఈ కన్వెన్షన్లలో స్త్రీలను వారి ఇష్టంతో నిమిత్తం లేకుండా తాకేవాడన్నదీ, చుట్టూ ఉన్నవారు దాన్ని దశాబ్దాల పాటు సరదాగానే తీసుకున్నారన్నదీ ఇప్పుడు అందరికీ తెలిసిన విషయం. ఆ వాతావరణంలో ఎంతమంది స్త్రీలు ఒకసారి వచ్చి మళ్ళీ రాలేదో లెక్క ఎవరి దగ్గరా లేదు. ఈ రోజు దాదాపు ప్రతి కన్వెన్షన్ కార్యక్రమ పత్రంలోనూ మొదటి పేజీల్లోనే ప్రవర్తనా నియమావళి, ఫిర్యాదు ఎవరికి చేయాలో సమాచారం ఉంటాయి. అవి ఎవరో దయతలచి పెట్టినవి కావు, స్త్రీలు పోరాడి పెట్టించినవి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో 1977లో స్త్రీవాద సైన్స్ ఫిక్షన్ కోసం ప్రత్యేకంగా విస్కాన్ అనే సభ మొదలవడం, లింగభేదాల గురించి కొత్తగా ఆలోచించే కథలకు 1991లో అక్కడే ఒక పురస్కారాన్ని ప్రకటించడం, ఆ పురస్కారానికి డబ్బును ఇళ్ళల్లో చేసిన కేకులు, బిస్కెట్లు అమ్మి కూడబెట్టడం, ఇవన్నీ ఆ పోరాటంలో భాగాలే. పాఠకుల వ్యవస్థలో నచ్చనిదాన్ని మార్చడానికి వేరే పాఠకులు కూడా తమ చేతులనే నమ్ముకోవాలి.

జాతి వివక్ష కథ కూడా ఇలాంటిదే. 1960లలో నల్లజాతి రచయిత శామ్యూల్ డిలేనీ రాసిన ఒక నవలను ధారావాహికగా వేయడానికి, ఆ కాలపు ప్రముఖ సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్, కథానాయకుడు నల్లజాతివాడైతే పాఠకులు దగ్గరగా తీసుకోలేరన్న కారణంతో నిరాకరించాడు. ఆ సంపాదకుడి పేరిట కొత్త రచయితలకు ఇస్తూ వచ్చిన పురస్కారాన్ని 2019లో డబ్లిన్ వరల్డ్‌కాన్‌లో అందుకున్న రచయిత్రి, వేదిక మీదే ఆయన భావాలను ఖండించింది. కొద్ది రోజుల్లోనే ఆ పురస్కారం పేరు మార్చారు. 2015లో ఒక వర్గం తమకు నచ్చని రచయితలను అడ్డుకోవడానికి మూకుమ్మడిగా ఒకే జాబితాకు ప్రతిపాదనలు వేసి హ్యూగో బ్యాలెట్‌ను నింపేసినప్పుడు, సభ్యులు దాదాపు 6 వేల మంది ఓటింగులో పాల్గొని 5 విభాగాల్లో ఎవరికీ పురస్కారం వద్దని తీర్పు ఇచ్చారు. ఆ తర్వాతి సభల్లో నియమాలు మార్చారు. వరల్డ్‌కాన్ రాజ్యాంగంలో ఏ మార్పైనా ఒక ఏడాది ఆమోదం పొంది మరుసటి ఏడాది మరో నగరంలో మళ్ళీ ఆమోదం పొందాలి. ఆవేశంలో తీసుకున్న నిర్ణయాలు నిలవకుండా ఉండడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు నేను చూడలేదు. 2016, 2017, 2018లలో వరుసగా మూడు సార్లు ఉత్తమ నవల హ్యూగో నల్లజాతి రచయిత్రి ఎన్.కె. జెమిసిన్‌కు ఇచ్చింది ఈ సభ్యులే.

ఇంతకంటే బాధ కలిగించినది 2023లో జరిగింది. చైనాలోని చెంగ్డు నగరంలో జరిగిన వరల్డ్‌కాన్ తర్వాత బయటపెట్టిన లెక్కల్లో, తగినన్ని ప్రతిపాదనలు వచ్చిన కొన్ని రచనలను ఏ కారణమూ చెప్పకుండా అనర్హమైనవిగా చూపించారు. ఆర్.ఎఫ్. క్వాంగ్ రాసిన "బాబెల్" నవల వాటిలో ఒకటి. చైనా ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించేది ఏమైనా ఉందా అని అభ్యర్థుల రాతలను పురస్కారాల నిర్వాహకులే ముందుగా జల్లెడ పట్టారని, వారిలో పాశ్చాత్య దేశాలవారే ఉన్నారని 2024 ఫిబ్రవరిలో బయటపడిన ఈమెయిళ్ళు తేల్చాయి. సభ్యుల నమ్మకం మీద మాత్రమే నిలిచే పురస్కారానికి ఇది పెద్ద దెబ్బ. అదే ఏడాది ఆగస్టులో గ్లాస్గోలో సభ నడిపిన బృందం, ఒకరిని గెలిపించడానికి డబ్బు పెట్టి వేయించినట్టుగా కనిపించిన 377 ఓట్లను పక్కన పెట్టి, ఫలితాలకు ముందే ఆ సంగతిని కారణాలతో సహా ప్రకటించింది. ఎవరికోసం ఆ ఓట్లు పడ్డాయో ఆ మనిషికి ప్రమేయం ఉందన్న ఆధారం లేనందువల్ల పేరు చెప్పలేదు. నమ్మకాన్ని తిరిగి సంపాదించుకోవడం అంటే ఇలాగే ఉంటుంది. ఇటువంటి సంస్థ తప్పు చేయదని నేను చెప్పడం లేదు. తప్పు జరిగినప్పుడు నిలదీయడానికి హక్కు ఉన్నవారు, సరిదిద్దడానికి సిద్ధంగా ఉన్నవారు లోపలే ఉంటారని చెబుతున్నాను.

బోస్కోన్‌లో నాకు కనిపించిన లోపాలు వేరు. తలల్లో నెరిసినవే ఎక్కువ. నాలాంటి దక్షిణాసియావారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. హోటల్ గది, ప్రయాణం, సభ్యత్వం కలిపితే విద్యార్థికి, చిన్న ఉద్యోగికి అందే ఖర్చు కాదు. పాతవాళ్ళంతా ఒకరినొకరు పేరుపెట్టి పలకరించుకుంటుంటే మొదటిసారి వెళ్ళినవారు శుక్రవారమంతా గోడవారగా నిలబడిపోవడం సులువు. ఇవన్నీ నిజమే అయినా, చిన్నగా ఉండడాన్నే లోపంగా లెక్కించడాన్ని నేను ఒప్పుకోను. 1980లలో బోస్కోన్‌కు నాలుగు వేల మందికి పైగా రావడం మొదలై, 1987లో హోటల్‌తో సంబంధాలు చెడి, సభ బోస్టన్ వదిలి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తరలిపోవాల్సి వచ్చింది. అప్పుడు నెస్ఫా సభ్యులు సభను కావాలనే చిన్నది చేసి, పుస్తకాలకే ప్రాధాన్యం ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. అది నచ్చనివారు 1990లో అరిషియా అనే మరో సభను బోస్టన్‌లోనే మొదలుపెట్టారు. అలా ఆ నగరానికి రెండు సభలయ్యాయి. లక్షమందికి పైగా పోగయ్యే శాన్ డియేగో కామిక్‌కాన్ కూడా 1970లో కొన్ని వందల మంది పాఠకుల కూడికగానే మొదలైంది. అక్కడి సంబరం నేను తప్పుపట్టను, కానీ వెనుక వరుసలోంచి లేచి గోడలు దేనితో కట్టారని అడిగిన ఆమెకు అంత పెద్ద హాలులో మైకు దొరికేది కాదు.

ఇదంతా ఆంగ్లానికే, డబ్బున్న దేశాలకే సాధ్యమని అనుకునేవారికి చెంగ్డు కథ ముందు భాగం చెప్పాలి. అక్కడ 1979లో పుట్టిన ఒక సైన్స్ ఫిక్షన్ పత్రిక, 1980లలో ఆ సాహిత్యం మీద పడ్డ రాజకీయ వేటును తట్టుకుని బతికింది. 1990లో దాని సంపాదకురాలు యాంగ్ షావ్, మరుసటి ఏటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ రచయితల సమావేశాన్ని తమ నగరానికి ఇమ్మని అడగడానికి హేగ్ నగరానికి 8 రోజులు రైల్లో ప్రయాణించి వెళ్ళింది. సమావేశం 1991లో చెంగ్డులో జరిగింది. లియు త్సిషిన్ రాసిన "త్రీ బాడీ ప్రాబ్లమ్" 2006లో ధారావాహికగా వచ్చింది ఆ పత్రికలోనే. 2015లో దాని ఆంగ్లానువాదానికి హ్యూగో వచ్చింది. ఒక పత్రిక, దాని చుట్టూ పాఠకుల బృందాలు, ఒక మనిషి పట్టుదల, వీటికి పాతికేళ్ళ సమయం కలిస్తే అది సాధ్యమైంది.

అంత దూరం కూడా వెళ్ళనక్కర్లేదు. బెంగాలీలో అద్రీశ్ బర్ధన్ 1963లో సైన్స్ ఫిక్షన్‌కు ప్రత్యేకంగా "ఆశ్చర్య" అనే పత్రిక పెట్టాడు. 1966లో కలకత్తాలో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడుగా సైన్స్ ఫిక్షన్ సినీ క్లబ్ ఏర్పడింది. మరాఠీలో మరాఠీ విజ్ఞాన పరిషత్తు కథల పోటీలు నడిపింది. 1974లో ఆ పోటీకి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అనే పేరుతో వచ్చిన కథకు మొదటి బహుమతి వచ్చాక, ఆ పేరు వెనుక ఉన్నది ఖగోళ శాస్త్రవేత్త జయంత్ విష్ణు నార్లీకర్ అని తెలిసింది. తన అసలు పేరుకున్న గౌరవం తీర్పును ప్రభావితం చేయకూడదని, తన పొడి అక్షరాలనే తిరగేసి పేరు పెట్టుకున్నాడాయన. పోటీ అంటూ ఒకటి ఉండడం వల్లే మరాఠీకి ఆ రచయిత దొరికాడు. వ్యవస్థ ముందు, రచయిత తర్వాత.

తెలుగువారికి ఊహాలోకపు కథల మీద ఆసక్తి లేదనే మాటను నేను అస్సలు నమ్మను. 1991లో కాలయంత్రం ఎక్కి కృష్ణదేవరాయల కొలువుకు వెళ్ళిన "ఆదిత్య 369"ను, 2024లో "కల్కి 2898 ఏడీ"ని మన ప్రేక్షకులు ఎంత ఇష్టంగా చూశారో అందరికీ తెలుసు. యండమూరి వీరేంద్రనాథ్ "యుగాంతం"ను చదివినవారు ఇప్పటికీ దాని గురించి మాట్లాడతారు. కలిసి చదవడం మనకు చేతకాదన్న మాట కూడా తప్పే. డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్‌లాంటి చోట్ల పాఠకులు వేదికలూ శాలువాలూ లేకుండా పుస్తకం ముందు పెట్టుకుని చర్చించుకుంటూనే ఉన్నారు. అమెరికాలో మన పెద్ద సంఘాలు వేలమందితో మూడు రోజుల మహాసభలు జరుపుతున్నాయి. సభాస్థలి మాట్లాడడం, వాలంటీర్లను కూడగట్టడం, భోజనాలు ఏర్పాటు చేయడం మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. ఆ నైపుణ్యంలో పదో వంతు, ఆ ఖర్చులో నూరో వంతు చాలు.

ఎవరు వస్తారు అన్నది సాధారణంగా వచ్చే అభ్యంతరం. 1937 జనవరిలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో, థియోసాఫికల్ సొసైటీ వారి హాలులో జరిగిన సమావేశాన్ని ముందుగా తలపెట్టి జరిపిన తొలి సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌గా చాలామంది లెక్కిస్తారు. దానికి ఇరవై మందికి మించి రాలేదు. వారిలో, తర్వాత ప్రసిద్ధ సైన్స్ ఫిక్షన్ రచయిత అయిన, పంతొమ్మిదేళ్ళ ఆర్థర్ సి. క్లార్క్ ఉన్నాడు. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో పాఠకులు ఎలాగూ ఊళ్ళ నుంచి వస్తారు. ఆ వారాంతంలో దగ్గర్లోని ఏ గ్రంథాలయంలోనో రెండు గదులు అద్దెకు తీసుకుని, వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా చిన్న సభ్యత్వ రుసుము తీసుకుని, రచయితలను కూడా సభ్యులుగానే పిలవవచ్చు. ఒక గదిలో చర్చలు నడుస్తుంటే రెండో గదిలో ఒక బల్ల మీద ఖాళీ రిజిస్టరు పెట్టి, ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రభూమి వంటి వారపత్రికల్లో ఎవరికి ఏ వైజ్ఞానిక కల్పన కథ గుర్తుందో, ఏ జానపద ధారావాహిక గుర్తుందో, సుమారుగా ఏ సంవత్సరమో రాయించాలి. అలా రాసిన జాబితాను ముందు పెట్టుకుని, పాత సంచికలు దాచుకున్నవారి సాయంతో, మరుసటి ఏడాదికి ఒక సంకలనం తేవచ్చు.

మొదటి చర్చకు అంశం కూడా నా దగ్గర సిద్ధంగా ఉంది. దాసరి వారి మాంత్రికులు చేసే మంత్రానికి ఎల్లలు ఏమిటి? ఏ శక్తికి ఏ ధర చెల్లించాలి? "తోకచుక్క" నుంచి "యక్షపర్వతం" దాకా ఆ నియమాలు మారాయా, మారితే ఎక్కడ మారాయి? ఆ నవలల్లోని కొండలు, అడవులు, కోటలను ఒకే పటం మీద గీయడం సాధ్యమా? వీటికి నాకు తోచిన జవాబులు కొన్ని ఉన్నాయి, వాటిలో తప్పులు పట్టగల పాఠకులు నాకు కావాలి.